మ్యాట్లు రాని రోజు

మూతపడిన ప్రెస్సు హాల్లో కరాటే నేర్పడం మొదలుపెట్టినప్పుడు అన్నాచెల్లెళ్ళకు పట్టుమని పదిమంది శిష్యులు లేరు. సిరా మరకల నేల మీద అన్న గోనెసంచుల్లో పొట్టు కూరి, కుట్టి పరిచేవాడు. దెబ్బలు తగిలితే పిల్లలు నిలవరని అతని భయం.

తరువాత ఊరూరా తిరిగాడు. ఒకరంటే ఒకరికి పడని క్లబ్బుల వాళ్ళను బతిమాలి, తిట్టి, కాళ్ళావేళ్ళా పడి ఒక్క తాటి మీదికి తెచ్చి జాతీయ సమాఖ్య పెట్టాడు. మాస్టారు కాస్తా అధ్యక్షుడయ్యాడు. చెల్లెలు చీఫ్ రిఫరీ అయింది. ఎవరైనా పెళ్ళి మాటెత్తితే, "ముందు సమాఖ్యను ఓ దారిన పడనివ్వండి" అనేది. అది దారిన పడేసరికి ఆమె జుట్టు నెరిసింది.

జాతీయ పోటీల రోజున మ్యాట్లు తెస్తున్న లారీ దారిలో చెడిపోయింది. స్టేడియంలో ఉత్త సిమెంటు నేల.

"అన్నయ్యా, మ్యాట్లు వచ్చేదాకా ఆగుదాం."

"అంతర్జాతీయ సంఘం పెద్దలు వచ్చి కూర్చున్నారే! మనకి గుర్తింపు ఇవాళే తేలాలి. ఇన్నేళ్ళ కష్టం నీళ్ళపాలు చేస్తావా?"

"ఎవరి తలైనా నేలకి కొట్టుకుంటే?"

"ఆపడానికి నువ్వున్నావుగా. కానియ్."

అన్న మాట కాదనడం ఆమెకు చిన్నప్పటి నుంచీ అలవాటు లేదు. చెయ్యెత్తి పోటీ మొదలుపెట్టింది.

బరిలో ఉన్నది బస్సు కండక్టరమ్మ కూతురు. చిచ్చరపిడుగు. మొదటి దెబ్బకే పాయింటు కొట్టింది. మరుక్షణం ఎదుటి పిల్ల తన కాలు లాగేసరికి వెల్లకిలా పడింది. తల సిమెంటుకు కొట్టుకున్న చప్పుడు హాలంతా వినబడింది. పిల్ల లేచి కూర్చుని ఏదో అడిగింది. అంతలోనే కళ్ళు తేలేసింది. ఆసుపత్రి చేరేలోపే ప్రాణం పోయింది.

మర్నాడు అన్న ఆమెను ఆఫీసు గదిలోకి పిలిచి తలుపు వేశాడు.

"ఆ పిల్లకి ముందే మూర్ఛ ఉందట. దాచిపెట్టారు. విచారణలో నువ్వూ అదే చెప్పు."

"ఎవరు చెప్పారు నీకు?"

"ఎవరో ఒకరు చెప్పాలిగా!"

"దాన్ని చిన్నప్పటి నుంచీ ఎరుగుదును. మూర్ఛా లేదు, మన్నూ లేదు."

అన్న గొంతు తగ్గించాడు. "సమాఖ్య మనకి కన్నబిడ్డ లాంటిదే అమ్మా."

"కన్నబిడ్డ పోయింది కండక్టరమ్మకి" అని లేచి వచ్చేసింది.

విచారణలో ఉన్నదున్నట్టు చెప్పింది. వద్దన్నాననీ చెప్పింది, చివరికి చెయ్యెత్తింది తానేననీ చెప్పింది. అన్న రాజీనామా చేశాడు. ఏడాది తిరక్కుండానే సభ్యులంతా చప్పట్లు కొట్టి అతన్ని మళ్ళీ అదే కుర్చీలో కూర్చోబెట్టారు. పోటీ ఆపని రిఫరీ అని ఆమెను మాత్రం జీవితాంతం నిషేధించారు. అందులో అబద్ధమేమీ లేదనిపించి ఆమె ఎదురు చెప్పలేదు. బజార్లో కనబడితే వదిన మొహం తిప్పుకుపోయేది. అన్న దగ్గర్నుంచి కబురే లేదు.

ఒక మధ్యాహ్నం కండక్టరమ్మ ఆమె ఇంటికి వచ్చింది. డ్యూటీ దిగి నేరుగా వచ్చినట్టుంది, ఇంకా యూనిఫాంలోనే ఉంది. కూర్చోమన్నా కూర్చోలేదు. తిడుతుందనుకుని ఆమె తల వంచుకుని నిలబడింది.

"మేడం, పడ్డాక మా అమ్మాయి ఏదో అడిగిందట. ఏమడిగింది?"



"పాయింటు నాదేనా మేడం, అంది."

"మీరేమన్నారు?"

"నీదేనమ్మా అన్నాను. వినబడిందో లేదో తెలియదు."

కండక్టరమ్మ గోడకు ఆనుకుని అలాగే కిందికి జారి కూర్చుంది. ఆమె వెళ్ళి పక్కన కూర్చోబోయి, ఆ హక్కు తనకుందో లేదో తెలియక, కాస్త ఎడంగా చతికిలబడింది.