మట్టి జాగ్రత్త

మా ఇంట్లో దాన్ని మట్టి అనే అంటాం. నిజానికి అది మట్టి కాదు. సోలార్ పలకల ఫ్యాక్టరీలో సిలికాన్ దిమ్మల్ని సన్నటి తీగతో పలచగా కోస్తారు. రంపం కింద కర్రపొట్టు రాలినట్టే ఆ కోతలోనూ పొడి రాలుతుంది. తీగ వేడెక్కకుండా పోసే నీళ్లలో కలిసి, నల్లటి అడుసై ఫ్యాక్టరీ వెనక గోడ పక్కన పేరుకుంటుంది. దాన్ని తెచ్చి, ఆరబెట్టి, శుభ్రం చేసి, బొగ్గు పూత పట్టించి, బ్యాటరీల్లో వాడే పొడిగా మార్చడం మా ఆయన పని. ప్రతిసారీ "సిలికాన్ కోత వ్యర్థం" అనాలంటే నాలుక మడతపడుతుంది. మొదటి లోడు తెచ్చిన వ్యాన్ డ్రైవరు "ఈ మట్టి ఎక్కడ పొయ్యమంటారు?" అని అడిగాడు. అప్పటి నుంచి ఆ పేరే ఉండిపోయింది. మా ఆయనకైతే అది మరీ నచ్చింది. "మా నాన్నదీ మట్టి పనే, నాదీ మట్టి పనే" అని వచ్చినవాళ్లందరికీ చెప్పుకుని నవ్వేవారు.

ఆ ముద్దు పేరే మా కొంప ముంచుతుందని ఎవరనుకున్నారు!

మా మామగారు కుండలు చేసేవారు. ప్లాస్టిక్ బిందెలొచ్చి ఆ పని మూలపడ్డాక ఆయన కుమ్మరి సారె మేం ఈ పొడి చేసే షెడ్డులో ఒక మూలకు చేరింది, ఆయన ఇంకో మూలకు చేరారు. చేతులు మాత్రం ఊరుకునేవి కావు. తువ్వాలు పిండుతున్నా సరే, బొటనవేలు కుండ అంచు తీస్తున్నట్టే తిరిగేది. "నాకూ ఏదో ఒక పని చెప్పండర్రా" అని రోజూ అడిగేవారు. కొలిమి దగ్గర వేడి, పొడి దగ్గర దుమ్ము. ఆ వయసు మనిషికి ఏం పని చెప్తాం? "మీరు కూర్చోండి మామయ్యా" అనేదాన్ని. అసలే నాకు ముక్కు మీద కోపం. మళ్లీ మళ్లీ అడిగితే కాస్త కసిరినట్టే అనేదాన్ని. ఆయన వెళ్లి సారె పక్కన కూర్చునేవారు.

ఇన్నాళ్లూ ఆ మట్టిని తీసుకెళ్తే చాలని మాకు దండం పెట్టిన ఫ్యాక్టరీవాళ్లకు ఈ మధ్యనే కళ్లు తెరుచుకున్నాయి. చెత్త అనుకున్నది పనికొస్తుందని తెలిసింది. ఎలా తెలిసిందంటే, మా ఆయన చేసి చూపించబట్టే తెలిసింది. ఇకమీదట తమ మట్టిని తామే వాడుకుంటామని కబురు పెట్టి, ఆఖరి వ్యాన్ పంపి గేటు వేసేశారు. నేను ఒంటికాలి మీద లేచాను. లేస్తే ఏమవుతుంది? గేటు వాళ్లది, మట్టీ వాళ్లదే.

ఒక్క దారి మిగిలింది. దూరంలో ఒక బ్యాటరీల కంపెనీ ఉంది. వాళ్లకు సొంతంగా సిలికాన్ కోసే యూనిట్ కూడా ఉంది. మా పొడి నచ్చితే తమ మట్టినంతా ఎప్పటికీ మా చేతికే ఇస్తామన్నారు. షెడ్డు నిలవాలంటే అదొక్కటే ఆధారం. సగం ఆరిన ఆఖరి లోడుని తట్టల్లో పరిచి, అందులోంచి కాస్త తీసి నమూనా తయారుచేసి, ఇద్దరం బయల్దేరాం.

వెళ్లేముందు మా ఆయన ఒకసారి షెడ్డు రేకుల వైపు చూశారు. వాన పడితే ఒక చోట కారుతుంది. తర్వాత మామగారి భుజం మీద చెయ్యి వేసి, "నాన్నా, ఈసారి పని నీకే అప్పజెప్తున్నాను. మట్టి జాగ్రత్త. పాడవకుండా చూసుకో" అన్నారు.

మామగారి ముఖం చేటంత అయింది. "మట్టి సంగతి నాకు చెప్తావట్రా?" అన్నారు.

కంపెనీలో మా పొడిని వారం రోజులు పరీక్షించారు. చివరికి అక్కడి మేడమ్ మమ్మల్ని కూర్చోబెట్టి, "చాలా బాగుంది. మీ దగ్గరున్న లోడంతా ఇలాగే చేసి పంపండి. నమూనా ఒక్కటి బాగుంటే సరిపోదు కదా! లోడంతా ఇలాగే ఉంటే మన ఒప్పందం ఖాయం" అంది. బయటికి రాగానే మా ఆయన గోడకానుకుని చిన్నపిల్లాడిలా నవ్వారు. ఆయన్ని అలా చూసి ఎన్నాళ్లయిందో! దారిలో ఇంటికి ఫోన్ చేస్తే మామగారు, "మట్టి బ్రహ్మాండంగా ఉంది, మీరు నిదానంగా రండి" అన్నారు. బస్సులో కూర్చుని షెడ్డుకి కొత్త రేకులు ఏ రంగువి వేయించాలని కూడా మేమిద్దరం పోట్లాడుకున్నాం.

ఇల్లు చేరేసరికి మధ్యాహ్నమైంది. షెడ్డు తలుపు తీయగానే మొదట నాకు వినిపించింది ఒక చప్పుడు. అన్నం ఉడుకుతున్నట్టు సన్నగా గుడగుడ. తట్టలన్నీ కడిగి బోర్లించి ఉన్నాయి. మట్టి తొట్లలో ఉంది, వాటి మీద తడి గోనెలు కప్పి ఉన్నాయి. మా ఆయన ఒక గోనె ఎత్తారు. వెచ్చటి ఆవిరి ముఖానికి కొట్టింది. నల్లగా ఉండాల్సిన మట్టి బూడిదలా తెల్లబడి, బుడగలు కక్కుతోంది.

మామగారు మా వెనకే వచ్చి నిలబడ్డారు. "మీరు వెళ్లిన మర్నాడు చూద్దును కదా, అంచులన్నీ ఎండి పగుళ్లిచ్చేస్తున్నాయి. నా ప్రాణం ఉసూరుమందిరా. వెంటనే తొట్లలోకి ఎత్తి నీళ్లు పోసి తొక్కాను. మొండి మట్టిలా ఉంది, ఎంతకీ లొంగలేదు. అప్పుడు గుర్తొచ్చింది, చాకలి సోడా. రోజూ గుప్పెడు వేస్తూ వచ్చాను. ఎలా పొంగుతోందో చూడు! ఇంత ప్రాణమున్న మట్టిని నేనెన్నడూ చూడలేదు" అన్నారు.

కుండల మట్టి ఎండితే పాడవుతుంది. నానేకొద్దీ బాగుపడుతుంది, సోడా వేస్తే జారుగా మారుతుంది. ఆయన పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి చేసిన పని అదే. మా మట్టి సంగతి దానికి పూర్తిగా తలకిందులు. నీళ్లలో ఉన్నకొద్దీ సిలికాన్ కాస్త కాస్తగా ఇసుకైపోతుంది. అలా అయ్యేటప్పుడే బుడగలొస్తాయి. సోడా పడితే ఇక చెప్పక్కర్లేదు. ఆయన ప్రాణం అనుకున్నది ప్రాణం పోతున్న చప్పుడు. ఒకసారి ఇసుకైతే విరిగిన పాలలాంటిదే, మళ్లీ వెనక్కి రాదు.

నాకు ఒళ్లు మండిపోయింది. "మిమ్మల్నెవరు ముట్టుకోమన్నారు?" అనబోయి కిందికి చూశాను. మామగారి పాదాలు కనిపించాయి. రోజూ సోడా నీళ్లలో తొక్కీ తొక్కీ చర్మం ఊడి ఎర్రగా ఉన్నాయి. వేళ్ల సందుల్లో పుళ్లు. ఆయన నొప్పి మాటే ఎత్తలేదు. లోపలికెళ్లి నూనె తెచ్చి, ఆయన్ని కూర్చోబెట్టి, కాళ్లకి రాయడం మొదలుపెట్టాను. వేరే ఏం చెయ్యాలో తెలియలేదు.

మా ఆయన తొట్టి తర్వాత తొట్టి చూశారు. అడుగునేమైనా మిగిలిందేమోనని మోచేతి దాకా చెయ్యి పెట్టి తీశారు. కాస్త ఆరబెట్టి పరీక్షించారు, ఇంకోచోట తీసి మళ్లీ పరీక్షించారు. తర్వాత ఫ్యాక్టరీకి ఫోన్ చేసి, ఒక్క వ్యాన్, పోనీ సగం వ్యాన్, పోనీ నాలుగు బస్తాలు అని బతిమాలారు. ఆయన అలా బతిమాలడం వినలేక నేను నూనె గిన్నె వైపే చూస్తూ కూర్చున్నాను. అవతలివాళ్లు ఫోన్ పెట్టేశారు. అంతలోనే మేడమ్ ఫోన్ చేసింది. లోడు ఎప్పుడు పంపుతున్నారని అడిగింది. "చెప్తాను మేడమ్" అన్నారాయన. ఏం చెప్తారు?

"ఎవర్రా ఫోన్లో?" అన్నారు మామగారు.

"ఎవరో లే నాన్నా."

తండ్రికి నిజం చెప్పడానికి మా ఆయన రెండుసార్లు నోరు తెరిచారు. నేను చూస్తూనే ఉన్నాను. రెండుసార్లూ నోరు మూసుకున్నారు. నన్ను చెప్పమన్నట్టు నా వైపు చూశారు. నోరు పెద్దదని పేరుపడ్డదాన్ని, నా వల్లా కాలేదు.

మామగారు లేచి, కాళ్లు ఎత్తెత్తి వేసుకుంటూ తొట్టి దగ్గరికెళ్లి ఒక ముద్ద తీసుకున్నారు. మూలనున్న సారె మీద పెట్టి తిప్పారు. ఎన్నాళ్లకో తిరిగిన సారె కిర్రుమంది. ముద్దలోకి బొటనవేలు దిగింది. కుండ గోడ రెండు వేళ్ల ఎత్తు లేచింది, అంతలోనే జావలా జారిపోయింది. ఇంకో ముద్ద పెట్టారు. అదీ అంతే.

"దీనికి జిగురు లేదురా" అన్నారు చేతుల వైపు చూసుకుంటూ. "దీంతో ఏం చేస్తారు మీరు?"

"ఏమీ చెయ్యలేం నాన్నా" అన్నారు మా ఆయన.

మామగారు కొడుకు ముఖంలోకి చూశారు. అర్థమైందేమో అనుకున్నాను. ఆయన మాత్రం వెళ్లి కొడుకు వీపు తట్టారు.

"దానికే అంత దిగులెందుకురా? నేను తొక్కింది చాల్లేదు, అంతే. ఈసారి వ్యాన్ వచ్చినప్పుడు నన్ను ముందే పిలువు. మొదటి రోజు నుంచే నానేస్తాను."

"అలాగే నాన్నా" అన్నారు మా ఆయన.

మామగారు తొట్ల మీద గోనెలు మళ్లీ కప్పి, వాటి మీద ఇన్ని నీళ్లు చల్లి వచ్చారు.