పలక మీద పడ్డ సూర్యుడు

గ్రహణం నాడు ఇంట్లో ఉన్నది నలుగురం: అవ్వ వెంకటసుబ్బులమ్మ, అన్న ఆనంద్, ఎనిమిదో నెల కడుపుతో ఉన్న ఉమ వదిన, నేను. అమ్మా నాయనా గొర్రెలు తోలుకొని వెలిగండ్ల వైపు పోయి వారం దాటింది.

పోయినేడు వదినకు మూడో నెలలోనే కడుపు పోయింది. అందుకే ఈసారి అవ్వ పొద్దున్నే వదినను లోపలి గదిలో మంచం మీద పడుకోబెట్టి, కిటికీకి దుప్పటి కట్టింది. కదలకూడదు, గోక్కోకూడదు, గ్రహణం వెలుతురు కడుపు మీద పడకూడదు. నన్ను లోపలే కాపలా పెట్టి, బయటి నుంచి తలుపు వేసింది.

గది చీకటయ్యాకే అది నా కంటపడింది. పైకప్పు రేకుకు మేకు బొక్క ఒకటి ఉంది. అందులోంచి రూపాయి బిళ్ళంత వెలుగు నేల మీద పడుతోంది. పదకొండు గంటలకు ఆ బిళ్ళను ఎవరో ఒక పక్క కొరికినట్టు అయింది.

కరోనాకు బడి మూసేసినా, సైన్స్ సారు అన్న ఫోనుకు పాఠాలు పంపేవారు. సూర్యుణ్ణి నేరుగా చూడొద్దనీ, చిన్న బొక్కలోంచి పడే బొమ్మను చూడమనీ రాశారు. మనకు కనిపించేది సూర్యుడి వెలిగే పైపొర మాత్రమేననీ, దాన్ని ఫోటోస్ఫియర్ అంటారనీ రాశారు. అదే వదినకు గుసగుసగా చెప్పాను.

“పైపొరేనా? లోపల ఏముంటది?”

“అది కనపడదు వదినా.”

“మార్కాపురం తీసకపోయి స్కానింగ్ తీపియ్యి మీ సూర్యుడికి.” వదిన కదలకుండానే నవ్వింది.

తర్వాత నవ్వలేదు. బిళ్ళ జరుగుతోంది. నేల దాటి మంచం పట్టె ఎక్కింది. వదిన చీర అంచుకు వచ్చేసరికి సగం తిన్న రొట్టెలా ఉంది.

“మల్లీ, అది నా మీదికే వస్తాంది గదా?”

“దాంతో ఏం కాదు వదినా. రోజూ పడే ఎండే.”

“పోయినసారి గూడా ఏం కాదనే చెప్పినారు అందరూ.”

పక్కకు జరగమంటే వదిన జరగదు. అవ్వను పిలిస్తే తలుపు తీస్తుంది, వెలుతురంతా లోపలికి వస్తుంది. గూట్లో నా పాత పలక ఉంది. దాన్ని తీసి కడుపుకు జానెడు ఎత్తున అడ్డం పట్టుకున్నాను. కొరికిన సూర్యుడు నల్లటి పలక మీదికి వచ్చాడు. వదిన ఊపిరి వదిలింది.

“చేయి దించబాక మల్లీ. నీకు పుణ్యముంటది.”

“దించను.”

బొమ్మ ఎంత స్పష్టంగా ఉందంటే, ఊరికే ఉండలేకపోయాను. ఒక చేత్తో పలక పట్టుకొని, బలపంతో దాని అంచు వెంట గీత గీశాను. కీచుమంది.

తలుపు తెరుచుకుంది. అవ్వ నా చేతిలో బలపాన్ని చూసింది, పలక కింద వదిన కడుపును చూసింది.

“గ్రహణాన్ని దాని కడుపు మీద గీస్తాండావా నువ్వు!”

“కాదవ్వా, అడ్డం...”

“మల్లిని ఉండనియ్ అవ్వా! పలక లేకుంటే...” మంచం మీది నుంచే అంది వదిన.

“నువ్వు మెదలబాక తల్లీ.”

అవ్వ నా రెక్క పట్టి వసారాలోకి నెట్టింది. అక్కడ కూర్చున్న అన్న లేచి నిలబడి, మళ్ళీ కూర్చున్నాడు. అవ్వ భుజం మీదుగా చూశాను. కొరికిన బిళ్ళ వదిన కడుపు మీద ఉంది. వదిన కళ్ళు గట్టిగా మూసుకుంది.

“ఇదన్నా అడ్డం పెట్టవ్వా,” అని పలక చాపాను.

అవ్వ లోపలి నుంచి తలుపు వేసుకుంది.