కాస్పర్ బరువు

కాస్పర్ ఊపిరి బిగబట్టి డ్రైవరు సీట్లో కూర్చున్నాడు. చేతులు రెండూ స్టీరింగు మీద, మడమలు నేలకు ఆనించి, చూపు ఎదురు గోడకున్న మేకు మీద. కారు నాలుగు చక్రాల కిందా నాలుగు కాటా పలకలున్నాయి. షెడ్డు యజమాని ఎవాల్ట్ కింద వంగి, ఎడమ స్ప్రింగుకున్న మరను పానాతో కాస్త తిప్పి, అంకెలు చూసి, మళ్లీ తిప్పాడు.

"దగ్గకు, అన్నా! అంకెలన్నీ గంతులేస్తున్నాయి."

"దగ్గు నన్నడిగి వస్తుందేంట్రా?"

జర్మనీలోని ఐఫెల్ కొండల్లో, రింగ్ అని అందరూ పిలిచే రేసుబాటను ఆనుకుని ఉంది ఆ షెడ్డు. నాలుగు చక్రాల మీదా బరువు సరిగ్గా పడేలా స్ప్రింగులు సరిచేసేటప్పుడు నడిపే మనిషి బరువు సీట్లో ఉండి తీరాలి. పక్క షెడ్లవాళ్లు అందుకు ఇసుక బస్తాలు పెట్టుకుంటారు. కాస్పర్ ఉండగా వీళ్లకు బస్తాలెందుకు? లావుపాటి డ్రైవరైతే ఒళ్లో పానాల పెట్టె పెట్టుకునేవాడు. ఇవాళ కాటా మీదున్న కారు బేకరీ నడిపే మార్లీస్‌ది, ఆవిడకైతే ఆ పెట్టె కూడా అక్కర్లేదు. ఇద్దరిదీ ఒకటే బరువు, వయసులో ఉన్నప్పటినుంచీ అంతే. ఆవిడ కొట్లో పిండి పిసుకుతుంటే ఇక్కడ ఆవిడ బదులు ఇతను కూర్చునేవాడు. ఎన్ని మంచి కార్లలో కూర్చున్నాడో! ఒక్కటంటే ఒక్కటి కూడా రింగ్ మీద నడపలేదు. భయం. ఆ మాట దాచుకోనూ లేదు. పెళ్లి చేసుకోలేదు, ఊరు దాటలేదు. ఇన్నేళ్లూ ఏం చేశావయ్యా అని ఎవరైనా అడిగితే, "కదలకుండా కూర్చున్నా" అని నవ్వేవాడు.

"మళ్లీ తక్కువే చూపిస్తోందన్నా. పోయిన నెల్లాగే," అన్నాడు ఎవాల్ట్.

"ఆ కాటాకేదో మాయరోగం వచ్చింది. నువ్వు తిప్పు."

ఎవాల్ట్ తిప్పాడు. ఆ షెడ్డులో కాటా కంటే కాస్పర్ మీదే నమ్మకం ఎక్కువ.

మధ్యాహ్నం మార్లీస్ వచ్చింది. మోచేతుల దాకా పిండి, చేతిలో ఇనప గిన్నె, గిన్నెలో కాల్చిన బంగాళాదుంప రొట్టె. కాస్పర్ తన ముక్కను చడీచప్పుడు లేకుండా ఎవాల్ట్ పళ్లెంలోకి తోశాడు. ఆవిడ హెల్మెట్ పెట్టుకుని రింగ్ మీదికి వెళ్లి, తిరిగొచ్చేసరికి మొహంలో నెత్తురు చుక్క లేదు.

"దిగుడులో మళ్లీ ఎడమకే లాగింది."

ఆ దిగుడు దగ్గర రోడ్డు చక్రాల కింద నుంచి జారిపోతుంది. కారు గాల్లోకి లేస్తుంది. దిగేటప్పుడు నాలుగు చక్రాలూ ఒక్కసారే ఆనాలి. ఆనకపోతే పక్కనే ఇనప కంచె. పోయిన నెల కంచెకు రాసుకుని వచ్చింది మార్లీస్.

"ఇంకోసారి ఇలా అయితే చస్తానయ్యా. శనివారం రేసుకి రాను. బండి అమ్మేస్తా."

కాస్పర్ కారు వంక చూశాడు. ఆవిడకా కారంటే ప్రాణం. ఆ ప్రాణం తన కూర్చోడం మీదే ఆధారపడి ఉంది. చాలాసేపు కారు చుట్టూ తిరిగి, చివరికి, "నువ్వే కూర్చో మార్లీస్. చూద్దాం," అన్నాడు.

ఆవిడ కూర్చోగానే, డ్రైవరు సీటున్న ఎడమ పక్క అంకెలు పైకి ఎగిశాయి.

"కేకులన్నీ నువ్వే తినేస్తున్నావేంటి?" అన్నాడు కాస్పర్.

"నోర్ముయ్! పొద్దునే పిండి కాటా ఎక్కాను. నా బరువు ఎప్పటిలాగే ఉంది."

ఎవాల్ట్ అంకెల మీంచి తలెత్తాడు. అతను కాస్పర్ నడుముకున్న బెల్టు వంక చూశాడు. బెల్టుకు కొత్త బెజ్జాలున్నాయి, మేకుతో పొడిచినవి. మార్లీస్ కూడా చూసింది.

"ఎన్నాళ్లబట్టి?"

"చలికాలం నుంచి... ఆకలి ఉండట్లేదు. ముసలితనం కాబోలనుకున్నా," అన్నాడు కాస్పర్. తర్వాత కాటా వైపు తిరిగి, "పాపం, దాన్ని ఊరికే తిట్టాను," అన్నాడు.

"సోమవారం ఆస్పత్రికి. నేనే తీసుకెళ్తా. ఎదురు చెప్పావో..."

"వెళ్దాంలే తల్లీ. ముందు బండి."

కాస్పర్ వెళ్లి మార్లీస్ బేకరీ వ్యానులోంచి ఖాళీ పిండి సంచి తెచ్చాడు. మంచు పడ్డప్పుడు దారి మీద చల్లడానికి దాచిన ఇసుకను అందులోకి ఎత్తాడు. సీట్లో కూర్చుని, సంచి ఒళ్లో పెట్టుకున్నాడు. ఎవాల్ట్ దోసిలితో ఇంకొంచెం పోశాడు, ఇంకొంచెం పోశాడు. అంకె మార్లీస్ అంకెకు సరిపోయింది. కాస్పర్ సంచిని రెండు చేతులతో ఎత్తి చూశాడు. పసిపిల్లంత ఉంది. తనలోంచి ఇంత మనిషి వెళ్లిపోతే తనకు తెలియనే లేదా! భయం వేయాల్సింది. ఎందుకో ఆశ్చర్యమే వేసింది.

"తిప్పరా," అన్నాడు. ఆ తర్వాత దగ్గలేదు.

సాయంత్రం దిగుడు దగ్గర కంచె పట్టుకుని నిలబడ్డాడు. ముందు చెట్ల వెనక నుంచి చప్పుడు వినిపించింది. తర్వాత కారు మిట్ట ఎక్కి గాల్లోకి లేచింది. చక్రాల కింద నుంచి అవతలి చెట్లు కనిపించాయి. అబ్బ, ఎంతసేపుందో అలా! మెల్లగా, నాలుగూ కలిసి, పడుకున్న బిడ్డ మీద దుప్పటి కప్పినట్టు ఆనింది. అటూ ఇటూ వీసమెత్తు లాగలేదు. కాస్పర్ ఒళ్లంతా పులకరించింది. అక్కడ గాల్లో లేచినవాడు తానే. ఇన్నేళ్లుగా భయపడి ఎక్కని రోడ్డు మీద, ప్రతిసారీ, సగం తానే.

ఆవిడ వచ్చి హెల్మెట్ తీసింది. కళ్లనిండా నీళ్లు. "నేల తగిలిందని కూడా తెలియలేదయ్యా," అంది.

శనివారం మార్లీస్ రేసు నడిపింది. సోమవారం ఆస్పత్రికి వెళ్లారు. మొదటి మంచు పడ్డ వారంలో కాస్పర్ పోయాడు.

ఎవాల్ట్ ఇప్పుడు పెద్ద ఇసుక బస్తాలు కొన్నాడు. మార్లీస్ కారు కాటా ఎక్కితే వాటిని సీట్లో పేరుస్తాడు. అన్నిటికంటే పైన, ఒళ్లో పెట్టినట్టుగా, ఆ పిండి సంచి పెట్టి బెల్టు బిగిస్తాడు. అది కదలకుండా కూర్చుంటుంది.