తోపు గల్లీ గుంత

కల్పలతకు అన్నిటికంటే పెద్ద భయం, మూడేళ్ల కూతురు యోగిత గుంతలో పడిపోతుందని. అది ఊహలో గుంత కాదు. గడప దాటి అడుగు వేస్తే నిజంగానే ఉంది, మనిషి నడుం లోతున. నీళ్ల పైపు కోసమో కరెంటు తీగ కోసమో తవ్వింది కాదు. చరిత్ర కోసం తవ్వారు.

సికింద్రాబాద్‌లో, రెజిమెంటల్ బజార్ వెనక ఉంటుంది తోపు గల్లీ. ఈ ఇంట్లో పిల్ల తుమ్మితే ఎదురింట్లోంచి "చిరంజీవ" అనేంత ఇరుకు. పాత గల్లీలవాళ్లు చరిత్ర బోర్డులు పెట్టుకుంటున్నారని విని వీళ్లూ ఒక కమిటీ వేసుకున్నారు. బోర్డు పైన 'తోపు గల్లీ చరిత్ర' అని రాయించారు. కింద ఏం రాయాలన్న దగ్గర తగువు మొదలైంది.

కమిటీ పెద్ద వేణుమాధవ్ బ్యాంకులో రిటైరైన కోస్తా మనిషి. "తోపంటే మామిడితోపండీ. మా వైపు చంటిపిల్లాణ్ణి అడిగినా చెబుతాడు" అన్నాడు.

ఆ గల్లీలోనే పుట్టి ముసలివాడైన జంగయ్యకు మండింది. "ఏందీ, మామిడికాయలా? గిది లష్కర్ సార్, ఫౌజు ఉన్న జాగ! తోప్ అంటే ఫిరంగి. మా తాత దానికి నూనె పెడుతుండె. నీకు ఏడ చూసినా ఆవకాయే కనిపిస్తది."

"తాతగారు నూనె పెట్టారనడానికి సాక్ష్యం?"

"నువ్వు చూపియ్, ఒక్క టెంక చూపియ్!"

ఆ మాటే కల్పలత కొంప ముంచింది. తవ్వి చూద్దామన్నారు. వేరు దొరికితే మామిడితోపు, ఇనుము దొరికితే ఫిరంగి. గల్లీ ఆమె గుమ్మం ముందు ఒక్కచోటే వంకర తిరుగుతుంది. చెట్టో ఫిరంగో అడ్డం వస్తేనే కదా దారి వంగేది! ఆ ఒక్క విషయంలో ఇద్దరూ ఏకమయ్యారు.

తవ్వితే తుప్పు పట్టిన ఇనుప గొట్టం బయటపడింది. దాన్ని చుట్టుకుని బొటనవేలంత వేరు. ఇద్దరూ గెలిచారు, ఇద్దరూ మిఠాయి పంచారు. పెద్ద చదువులవాళ్లెవరైనా వచ్చి తేల్చేదాకా గుంత కదపకూడదని తీర్మానించి ఎవరిళ్లకు వాళ్లు వెళ్లిపోయారు.

కల్పలత పిల్లను పాత చీరతో మంచం కోడుకు కట్టి అన్నం వార్చేది. పిల్ల ముడి విప్పడం నేర్చుకుంది. పోపులో ఆవాలు చిటపటమన్నా పిల్ల పడిన చప్పుడేనని గరిటెతో సహా పరుగెత్తేది. గుంత మీద చెక్క వేస్తే "సాక్ష్యానికి గాలాడదమ్మా" అని వేణుమాధవ్ తీయించాడు. భర్త దయాకర్ డ్యూటీ నుంచి ఫోన్ చేసి, "జెర అడ్జస్ట్ చేస్కో, పెద్దోళ్లతోటి లొల్లెందుకు" అన్నాడు.

ఆమె చదువు ఎనిమిదితో ఆగిపోయింది. చరిత్ర ఎలా తేలుస్తారో తెలియదు గానీ, గుంత పూడాలంటే ఇంకో చరిత్ర కావాలని మాత్రం అర్థమైంది. ధైర్యం చేసి కమిటీ ముందు నిలబడి అబద్ధం ఆడింది.

"సార్, మా అత్తమ్మ చెప్తుండె. తోపంటే చెట్లు గాదు, ఫిరంగి గాదు. తోపుడు బండ్లంట. ముందుగాల ఈడ అన్నీ తోపుడు బండ్లేనంట. గుంత పూడిస్తేనే గదా బండ్లు పొయ్యేది? గిట్లుంటే గల్లీ పేరుకే నామోషీ సార్."

వేణుమాధవ్ ముఖం వెలిగిపోయింది. "ఎంత మాట చెప్పావు తల్లీ! మాకు తట్టనే లేదు. అయితే బండి చక్రం కూడా లోపలే ఉండాలి."

సాయంత్రానికి గుంత రెట్టింపు వెడల్పయింది. గడప రాయి సగం గాల్లో నిలిచింది.

కల్పలత గుమ్మంలో కూలబడి ఏడ్చింది. ఆ ఏడుపులోనే యోగిత ఆమె చంక కిందినుంచి దూరి అంచు మీదికి వెళ్లింది. కింద జంగయ్య తన ఫిరంగికి నూనె రాస్తున్నాడు. ఆయన తలెత్తేలోపే పిల్ల దూకింది. సరిగ్గా ఆయన మీద పడింది.

"వామ్మో! నడుము ఇరగ్గొట్టినవ్ గదనే!"

"తాతా, ఇంకోసారి!" అంది యోగిత.

కల్పలత గుంత అంచుదాకా పాకి వచ్చింది. జంగయ్య ఆమె ముఖం చూశాడు. "ఏడ్వకు బిడ్డా. గుంత పూడ్చేదాంక నేను గీడనే కూసుంట. పడితే నా మీదనే పడ్తది."

"మోకాళ్ల నొప్పులు గదా తాతా నీకు?"

"మోకాళ్లు ఏడున్నా నొస్తయ్."

కుర్చీ దించారు. వేణుమాధవ్ కూడా కాదనలేదు. గల్లీలో అందరికంటే పాతవాడు కాబట్టి జంగయ్య కూడా సాక్ష్యం కిందికే వస్తాడని తేల్చాడు. చూడవచ్చినవాళ్లు గొట్టాన్ని వదిలేసి ఆయన్నే ఫోటోలు తీసుకున్నారు. కల్పలత చాయ్ గ్లాసు కిందికి అందించి, చాలా రోజుల తరవాత నిమ్మళంగా వంట చేసుకుంది.

ఇంతలో వానలు షురూ అయ్యాయి. గుంతలో నీళ్లు ఊరుతున్నా జంగయ్య గొడుగు వేసుకుని కూర్చున్నాడు. దగ్గు మొదలైంది. పైకి రమ్మంటే "పిల్ల?" అంటాడు. చివరికి కల్పలత పిల్లను తీసుకుని నేరేడ్‌మెట్‌లో తల్లిగారింటికి వెళ్లిపోయింది. "పిల్ల ఇంక ఈడ ఉండది తాతా, పైకి రా" అని చెప్పే బయల్దేరింది. "మల్లొస్తది గదా" అన్నాడాయన, కుర్చీలోంచి కదలకుండా.

ఆయన దగ్గర ఫోన్ లేదు. మీరెవరైనా రెజిమెంటల్ బజార్ దిక్కు వెళితే తోపు గల్లీలోకి ఒకసారి తొంగిచూడండి. జంగయ్య ఇంకా గుంతలోనే ఉంటే, యోగిత క్షేమంగా ఉందని చెప్పి, చెయ్యందించి పైకి తీసుకురండి.