నాడె ముద్దు

మగ్గం మీద అటూ ఇటూ పరుగెత్తే నాడెలో నూలు చుట్టిన కండె అయిపోగానే కొత్త కండె వేసి, నాడె పక్కనున్న సన్నని రంధ్రానికి పెదవులు ఆనించి, లోపలి పోగును గట్టిగా పీల్చి బయటికి తీయడం ఇంగ్లండులోని హాలిన్‌షా నేతమిల్లులో ఆడవాళ్ల పని. దాన్ని వాళ్లు నాడె ముద్దు అంటారు. మనిషి మారినా నాడె మారదు. మార్తా క్షయతో పోయిన మర్నాడే ఆమె నాలుగు మగ్గాలనూ తోటి నేతగత్తె హెస్టర్ కూతురు నెల్లీకి అప్పగించారు. పదహారేళ్ల నెల్లీ ఇప్పుడు మార్తా నాడెలను రోజుకు మూడు వందల సార్లు ముద్దాడుతోంది.

చేత్తో పోగు ఎక్కించే నాడెలు వచ్చి ఏళ్లయింది, ఖర్చని యజమానులే కొనరు. వాటిని తప్పనిసరి చేసే బిల్లు మంగళవారం ప్రభువుల సభ ముందుకు వెళుతుంది. అందుకే శనివారం మధ్యాహ్నం, నాలుగు వందల మంది సంతకాలున్న అర్జీతో, హెస్టర్ కొత్త గ్రంథాలయం మెట్ల ముందు నిలబడింది. దాన్ని ప్రారంభించడానికి వస్తున్నవాడు లార్డ్ కెర్షా. మిల్లు ఆయనదే.

ఆయన ఒకప్పుడు నేతగత్తె సారా కెర్షా కొడుకు జేబెజ్. తల్లి మగ్గాల మధ్యే పెరిగాడు. ఎన్నికలకు నిలబడిన ఏడాది ఇదే వీధిలో, నాడె పీల్చి పీల్చి తన తల్లికి ముప్పై ఏళ్లకే ముందరి పళ్లు ఎలా పుచ్చిపోయాయో చెప్పి కంటతడి పెట్టాడు. తనను పార్లమెంటుకు పంపితే ఏ ఆడదీ నాడెకు నోరు పెట్టనక్కర్లేదన్నాడు. ఓటు లేని ఆడవాళ్లు మొగుళ్లను రెక్క పట్టి లాక్కెళ్లి మరీ ఓట్లు వేయించారు. ఆరేళ్లలో ఆయన లార్డ్ బిరుదు పొంది ప్రభువుల సభకెక్కాడు.

"కిరీటం కూడా ఇచ్చారటే," అంది పక్కన నిలబడ్డ బెస్సీ. "ఆ బోడిగుండు మీద ఎలా ఆగుతుందో!"

"నోరు ముయ్యి బెస్సీ. ఇవాళైనా పని కానీ."

"నేను ముయ్యడమెందుకు? ఆయన తెరిస్తే చాలు."

హెస్టర్ మెట్లెక్కి అర్జీ అందించింది. లార్డ్ కెర్షా రెండు చేతులా అందుకున్నాడు.

"అమ్మా, మా అమ్మ నాడె ముద్దాడిన మనిషి. నేను మరిచిపోతానా?" అన్నాడు, అందరికీ వినబడేలా. చప్పట్లు మోగాయి. హెస్టర్ తేలిగ్గా మెట్లు దిగింది. చట్టం అమలయ్యేదాకా నెల్లీ కోసం ఇంక నెల రోజులు దేవుణ్ణి వేడుకుంటే చాలనుకుంది.

అంతలో ఇత్తడి బాకాల మేళం అందుకుంది. వేదిక అవతలి చివరన కూర్చున్న మేనేజరు ప్లాట్‌కు ఆయన ఏదో చెప్పబోయాడు. ఆ హోరులో గొంతు వినబడదు. చిన్ననాటి అలవాటు తన్నుకొచ్చింది. చప్పుడు చేయకుండా, పెదవులను సాగదీసి ఒక్కో మాటా పలికాడు. మగ్గాల రొదలో పుట్టిన ఆ భాష, కింది మేస్త్రీగా మొదలైన ప్లాట్‌కు బాగా తెలుసు.

"మంగళవారం ఆ బిల్లును నేనే చంపుతాను. ఈ కాగితం పొయ్యిలో పడెయ్."

ఎదురుగా నాలుగు వందల మంది నేతగత్తెలు నిలబడి ఉన్నారు. ఆ పెదవులను చదవలేని ఆడది వాళ్లలో లేదు. చదువుకున్న పెద్దమనుషులు మాత్రం మేళానికి తలలూపుతూ కూర్చున్నారు.

హెస్టర్ ఆయన కళ్లలోకి చూసింది. ఆమె పెదవులు నెమ్మదిగా కదిలాయి.

"జేబెజ్, నా కూతురు చచ్చిపోతుంది."

ఆయనకు అందింది. ఒక్క క్షణం ఆ ముఖంలో సారా కొడుకు కనిపించాడు. తర్వాత ఆయన పెదవులు, అంతే స్పష్టంగా, అడిగాయి.

"నీది ఏ షెడ్డు?"

హెస్టర్ చుట్టూ ఉన్న ఆడవాళ్లు ఒక్కొక్కరే చూపు తిప్పుకున్నారు. బెస్సీ వంగి బూటు తాడు కట్టుకోవడం మొదలుపెట్టింది.

"రెండో షెడ్డు," అన్నాయి హెస్టర్ పెదవులు.

సోమవారం ఉదయం గేటు దగ్గర ప్లాట్ ఆమెను ఆపేశాడు. నెల్లీని మాత్రం లోపలికి పొమ్మన్నాడు.

"అమ్మాయిని కూడా తీసెయ్యండి," అంది హెస్టర్.

"ఛ, ఛ! ప్రభువుగారిది అంత కఠిన హృదయం కాదమ్మా. అమ్మాయి మీద కోపమెందుకు? పైగా ఇంట్లో ఇంక సంపాదించేది ఆ పిల్లేగా."

బిల్లు మంగళవారం పడిపోయింది. లార్డ్ కెర్షా తన తల్లిని తలుచుకుని మాట్లాడుతుంటే సభ చలించిపోయిందని పత్రిక రాసింది. అర్జీలో సంతకం చేసినవాళ్లలో ఒక్కరూ హెస్టర్ గడప తొక్కలేదు. వారానికి రెండుసార్లు వచ్చే బెస్సీ కూడా రాలేదు.

ఆ శుక్రవారం నెల్లీ తన జీతం తెచ్చి బల్ల మీద పెట్టింది. అద్దె అందులోంచే కట్టాలి, రొట్టె అందులోంచే కొనాలి. హెస్టర్ ఆ నాణేలను ముట్టుకోకుండా చాలాసేపు కూర్చుంది. తర్వాత లేచి, వాటిని తీసుకుని బజారుకు వెళ్లింది.