నిండు ట్యాంకు

పుంగనూరు బంకులో వ్యానుకు ట్యాంకు నిండుగా డీజిల్ పోయించుకుని ఊరి మధ్యకు వచ్చారో లేదో, వాసన మళ్లీ మొదలైంది. వెనక పరుపు కింద, హీటరు బిగించిన మూల నుంచి సన్నగా, జిడ్డుగా వస్తోంది. స్వర్ణ కిటికీ అద్దం దించబోయి ఆగిపోయింది. దించితే వాసన పోతుంది. పోయాక, అసలు వచ్చిందా లేదా అనే మాట మిగులుతుంది.

"డీజిల్ వాసన వస్తాంది," అంది.

భర్త జయచంద్ర రోడ్డు మీంచి చూపు తిప్పలేదు. "ఇప్పుడే కదా బంకులో నుంచి వచ్చింది. సేతులకు అంటుకోనుంటాది."

"నీ సేతులు ముందర ఉండాయి. వాసన ఎనక నుంచి వస్తాంది."

అతను విసుక్కోలేదు. విసుక్కుని ఉంటే ఆమెకు సులువుగా ఉండేది. మెల్లగా, జబ్బుమనిషిని అడిగినట్టు అడిగాడు. "పొద్దున మాత్ర ఏసుకున్న్యావా?"

రెండేళ్ల కిందట ఒక జ్వరం ఆమె ముక్కుకు ఏ వాసనా తెలియకుండా చేసి పోయింది. కొన్ని నెలలకు వాసనలు తిరిగొచ్చాయి గానీ తప్పుగా వచ్చాయి. కాఫీలో కాలిన రబ్బరు వాసన. పొయ్యి ఆర్పేసిన వంటింట్లో పొగ. లేచి గ్యాసు చూసి వచ్చేది, పడుకునేది, మళ్లీ లేచేది. ముక్కు నయమవుతోందని, భయపడింది మనసేనని చెప్పి డాక్టరు మాత్ర రాశాడు. పొగ తగ్గింది. ఇంట్లోవాళ్లకు మాత్రం ఒక అలవాటు మిగిలింది. ఆమె ఏదైనా వాసన అంటే ముందు ఆమె ముఖం చూస్తారు, తర్వాతే చుట్టూ చూస్తారు.

ఈ బండి ఒకప్పుడు మదనపల్లెలో పిల్లల్ని బడికి తిప్పిన పాత వ్యాను. మొగుడూ పెళ్లాలిద్దరూ సెలవు రోజుల్లో కూర్చుని దానికి పరుపులు, చిన్న పొయ్యి, చలికి డీజిల్‌తో నడిచే హీటరు అమర్చుకున్నారు. ఆ వాసన మొదలయ్యాక మదనపల్లెలోనే రెండు షెడ్లలో చూపించారు. ఇద్దరు మెకానిక్కులూ పైపులన్నీ గుడ్డతో తుడిచి చూశారు. "లీకేమీ లేదు సార్," అన్నారు, ఆమె వైపు చూడకుండా.

ఇప్పుడు కుప్పం పోతున్నారు. అక్కడ స్వర్ణ చెల్లెలు మాధవి, ఆమె ఇద్దరు పిల్లలు ఎక్కుతారు. అందరూ కలిసి ఊటీ. రాత్రి అద్దాలన్నీ మూసి హీటరు వేస్తే, దాని మీది పరుపు మీదే పిల్లలు పడుకునేది. వాసన నిజమైతే ఆ పిల్లల్ని అందులో పడుకోబెట్టకూడదు. నిజం కాకపోతే, తన తలను తాను ఇక నమ్మకూడదు. ఈ రెండింటిలో ఏదో ఒకటి కుప్పం చేరేలోగా తేలాలని ఆమె గట్టిగా అనుకుంది.

"షెడ్డు యాడుందో సూడు. ఇట్ల బండిని కుప్పానికి పోనీను."

"నిండు ట్యాంకుతోనా?" జయచంద్ర నవ్వాడు. "ఎవురన్నా షెడ్డులో ఇస్తారా? మనం టీ తాగొచ్చేలోపల వాళ్లు డీజిల్ తీసి క్యాను నింపేస్తారు. పొయ్యొచ్చినాక, డీజిల్ తగ్గినాక సూపిస్తాం."

అది అతను కనిపెట్టిన జాగ్రత్తేమీ కాదు. అతని నాయన ట్రాక్టరును కూడా అలాగే పంపేవాడు. బండి షెడ్డుకు పోవాలంటే ముందు ట్యాంకు అడుగంటాలి, మళ్లీ బంకుదాకా వచ్చేంత ఉంటే చాలు. ఈ మాట ఆమె ఎన్నోసార్లు విన్నదే. ఈసారి వినగానే వెన్ను నిటారైంది.

"ఆ ఇద్దరికీ సూపించినప్పుడు ట్యాంకులో ఎంత ఉండె?"

"అడుగున కొంచెం."

"వాసన వచ్చింది ఎప్పుడెప్పుడు? నింపించినాకనే కదా? ఇంటి ముందర ర్యాంపు మింద ఏటవాలుగా నిలబెట్టినప్పుడే కదా?"

అతని కాలు బ్రేకు మీదికి పోయింది. బండి నెమ్మదించింది.

ఊరి చివర షెడ్డు వెంకటప్పది. జయచంద్ర ట్యాంకు మూతకు తాళం వేసి, దాని పక్కనే నిలబడ్డాడు. వెంకటప్ప అది గమనించి గడ్డం గోక్కున్నాడు.

"ఏం సారూ, డీజిల్ తాగేటోని మాదిరి అగుపిస్తాండానా? నాకు షుగరు. టీ తాగితేనే మా ఆడది కొడతాది."

"కొట్టినా మానుకున్న్యావా?" అని లోపలి నుంచి అతని భార్య మునిలక్ష్మి గొంతు వినిపించింది.

నవ్వుకుంటూనే అతను బండి కిందికి దూరాడు. పంపు, క్లిప్పులు, ట్యాంకు అడుగు అన్నీ తడిమాడు. "అంతా పొడిగా ఉండాదమ్మా."

జయచంద్ర భుజాలు వదులయ్యాయి. లీకు దొరకాలని తాను ఎంతగా కోరుకుంటోందో స్వర్ణకు అప్పుడు తెలిసింది. తాము చేత్తో కట్టుకున్న బండి చెడిపోయి ఉండాలని కోరుకోవడమేమిటి? ఇలాంటి కోరికే లేని వాసనను పుట్టిస్తుందేమో. ఆ ఆలోచనను ఆమె చివరిదాకా పోనిచ్చి చూసింది. పోయింది, తిరిగొచ్చింది. వాసన ఉన్నచోటే ఉంది.

"అందరూ కిందనే సూస్తాండారు. హీటరు పైపు ట్యాంకులోకి దిగేది పైనుంచి కదా?"

"పైన సెయ్యి దూరదమ్మా. కన్నూ పోదు."

ఆమె గుమ్మం వైపు చూసింది. మునిలక్ష్మి పొద్దున వేసిన ముగ్గు మీద ఎవరి చెంబులోంచో నీటి చుక్కలు పడి, తెలుపు నల్లబడి ఉంది.

"అక్కా, కొంచెం ముగ్గుపిండి ఇస్తావా?"

"షెడ్డుకు ముగ్గేసేదానికా?" అంటూనే మునిలక్ష్మి డబ్బా తెచ్చింది.

స్వర్ణ కాగితాన్ని గొట్టంలా చుట్టి, చీర కుచ్చిళ్లు దోపుకుని బండి కింద పడుకుంది. ట్యాంకు పైకి, నాలుగు వైపుల నుంచీ పిండి ఊదింది. కళ్లలో పడింది, ఊదింది. తర్వాత బండిని షెడ్డు ముందున్న ఎత్తు మీదికి, ముందు చక్రాలు పైకి ఉండేలా ఎక్కించమంది. జయచంద్ర మారు మాట్లాడకుండా ఎక్కించాడు. కొంచెంసేపు ఆగి, ఆమె ఫోను లైటు వేసి, దాన్ని మాత్రం సందులోకి దూర్చి ట్యాంకు పైభాగం వీడియో తీసింది.

ముగ్గురూ ఫోను మీదికి వంగారు. తెల్లటి పొర. దాని మధ్య హీటరు పైపు నట్టు చుట్టూ నల్లటి వలయం. చూస్తుండగానే ఒకవైపు నాలుకలా సాగింది.

"నిండితేనే కారేది," అన్నాడు వెంకటప్ప. "అడుగంటినప్పుడు సూస్తే దేవుడొచ్చినా అగపడదు. ఈ బొక్క ఎవురేసిరి?"

"నేనే," అన్నాడు జయచంద్ర. "వాషరు సైకిలు ట్యూబు కోసి ఏసినా."

"ట్యూబు రబ్బరు డీజిల్లో ఇడ్లీ మాదిరి ఉబ్బుతాది సారూ."

వాళ్లు డీజిల్ చాలావరకు క్యాన్లలోకి తీసి, ట్యాంకు దించి, మెత్తబడి వంకరపోయిన ఆ నల్ల ముక్కను పీకి, డీజిల్‌కు తట్టుకునే వాషరు వేశారు. మళ్లీ నింపారు, మళ్లీ పిండి ఊదారు. ఈసారి తెలుపు తెల్లగానే ఉంది. స్వర్ణకు గెలిచినట్టు అనిపించలేదు. కోపం వచ్చింది, ఆలస్యంగా, జయచంద్ర మెత్తదనం మీద.

కుప్పం దారిలో అడిగింది. "మాత్ర ఏసుకున్న్యావా అని అడిగినప్పుడు ఆ ట్యూబు ముక్క గుర్తుకు రాలేదా నీకు?"

ఈసారి అతను ఆమె వైపు చూసి అన్నాడు. "వచ్చింది. నీ ముక్కు మింద తోసేస్తే సులువని తోసేసినా."

ఆ మాట అనడం అతనికి ఎంత కష్టమైందో ఆమెకు తెలుసు. ఇన్నాళ్లూ తన ముక్కును తానే నమ్మడం ఆమెకు ఎంత కష్టమైందో అతనికి ఇంకా తెలియదు.

కుప్పంలో మాధవి ఇంటి ముందు పిల్లలు స్వెట్టర్లు వేసుకుని, బ్యాగులు తగిలించుకుని నిలబడి ఉన్నారు. జయచంద్ర తలుపుకు చెయ్యి అడ్డం పెట్టాడు. "ఆగండ్రా. పెద్దమ్మ సూసి సెప్పినాకనే."

స్వర్ణ ఎక్కి తలుపు మూసుకుంది. హీటరు వేసి, పరుపు మీద కూర్చుని గాలి పీల్చింది. ఉంది. మునుపటంత కాదు, అయినా ఉంది. లీకు పోయిందని కళ్లారా చూశాక కూడా వాసన ఉందంటే ఇక తనను ఎవరు నమ్ముతారు? లేదని దిగిపోవచ్చు. అందరూ సంతోషిస్తారు. ఆమె హీటరు ఆపి తలుపు తీసింది.

"ఉండాది," అంది.

మాధవి బావ వైపు చూసింది. "షెడ్డులో సరిసేసినారని ఫోన్లో అంటివి కదా బావా?"

"ఉండు మాధవీ." అతను లోపలికి తొంగిచూశాడు. "యాడ స్వర్ణా? సెయ్యి పెట్టి సూపించు."

ఆమె పరుపు జరిపి, దాని కింది పలక ఎత్తి మూలలో చెయ్యి పెట్టింది. హీటరు పైపు బండి నేలలోంచి పైకి వచ్చే చోట దానికి చుట్టిన స్పాంజి వేళ్లకు జిడ్డుగా తగిలింది. ఇన్నాళ్లూ కారిన డీజిల్‌ను పీల్చి పైదాకా తెచ్చింది అదే.

"కోసెయ్యాల దీన్ని, మొత్తం. గాలి తగలాల," అంది. "ఈ రాత్రి ఎవురూ దీంట్లో పండుకోరు. రేపు పోదాం."

"అక్కా, పొద్దుట్నుంచి స్వెట్టర్లు ఇప్పకుండా సచ్చిపోతాండారు వీళ్లు!"

"ఇప్పించు," అంది స్వర్ణ. జయచంద్ర అప్పటికే మోకాళ్ల మీద కూర్చుని, వంటింటి కత్తి తెమ్మని మాధవిని అడుగుతున్నాడు.