ఇంకాస్త దగ్గరికి రానా

వంతెన కొట్టుకుపోయిన వరద వచ్చిన ఏడు అది. వరద తీసి నెలలు గడిచినా గోడల మీద నడుమెత్తున బురద గీత అలాగే ఉండిపోయింది. ఆ గీతకు వీపు ఆనించి, గ్రంథాలయం వెనక గదిలో మీటరు మెత్తటి గుడ్డతో మైకు తుడుస్తున్నాడు.

మీటరు అన్నది ఆయనకు తల్లిదండ్రులు పెట్టిన పేరు కాదు. ఎవరు మాట్లాడుతున్నా వాళ్ల మొహం చూడడు, ఆ మాటకు మైకు పెట్టె మీటరులో లేచి పడే ముల్లును చూస్తాడు. అందుకని ఎవరో సరదాకి అన్నారు, అది అతుక్కుపోయింది. వయసులో ఉన్నప్పుడు సభలకు మైకు సెట్లు అద్దెకిచ్చేవాడి దగ్గర పనిచేశాడు. ఎందరి ఉపన్యాసాలో ఆయన చేతుల మీదుగా ఊళ్లో పడ్డాయి గానీ, ఆయన నోరు విప్పి నాలుగు ముక్కలు మాట్లాడింది ఎవరూ వినలేదు. తర్వాత ఈ గదిలో కుదిరాడు. చూపు లేనివాళ్ల కోసం ఇక్కడ పుస్తకాలు చదివి రికార్డు చేస్తారు. చదివేది అక్కయ్య. మధ్య గోడలోని అద్దం ఇవతల కూర్చుని ఆ గొంతు పట్టేది మీటరు. ఇన్నేళ్లుగా ఇద్దరే.

మైకు తుడవడం అయ్యాక గోడలకు వేలాడే బొంతలను చేత్తో తట్టి సర్దాడు. గదిలో మాట ఖంగుమనకుండా భార్య పాత చీరలతో కుట్టిచ్చిన బొంతలు అవి. వరదకు ముందువి కుళ్లిపోతే మళ్లీ కుట్టింది. కుర్చీ కిర్రుమనకుండా కాళ్ల కింద గుడ్డముక్కలు సరిచేశాడు. బల్ల మీద గోరువెచ్చటి నీళ్ల గ్లాసు పెట్టాడు. మైకు స్టాండు కొమ్మకు చెక్క క్లిప్పు ఒకటి తగిలించి ఉంది, బట్టలారేసుకునేది. చదివేసిన పేజీలు రెపరెపలాడకుండా అక్కయ్య దాన్ని పెట్టి బిగిస్తుంది. వరద నీళ్లలో నాని దాని చెక్క నల్లబడింది, స్ప్రింగు మటుకు చెక్కుచెదరలేదు. కొత్తది కొనుక్కొస్తానంటే అక్కయ్య ఒప్పుకోలేదు. "నాకంటే గట్టిది తమ్ముడూ అది, ఉండనీ" అంది.

గ్రంథాలయం అరుగు మెట్ల మీద అడుగులు వినిపించాయి. రెండు మెట్లు, ఆగడం. మళ్లీ రెండు మెట్లు, ఆగడం. ఈమధ్య ఆమె గుండె అలాగే నడిపిస్తోంది. డాక్టరు విశ్రాంతి తీసుకోమన్నాడు. కూర్చుని చదవడం కంటే విశ్రాంతి ఏముంటుందని ఆయన్నే ఎదురడిగి వచ్చింది.

వచ్చింది గానీ మైకు ముందుకు వెళ్లలేదు. మీటరు పక్కనున్న స్టూలు మీద కూలబడి, సంచిలోంచి పుస్తకం తీసి ఆయన ఒళ్లో పెట్టింది.

"చదవడానికి రాలేదు తమ్ముడూ. ఇచ్చిపోదామని వచ్చాను."

మీటరు పుస్తకం వంక చూశాడు. ఒక రేవు పట్నం కథ, మూడు తరాలది. వరదకు ముందు మొదలుపెట్టారు. ఒక్క అధ్యాయం మిగిలింది. దీపస్తంభం కాపలాదారు కూతురు ఇంటికి తిరిగొస్తుందో రాదో ఆ అధ్యాయంలోనే ఉంది. మీటరు ముందుకు తిప్పి చూడలేదు. ఆయన చదువు మూడో తరగతి దగ్గరే ఆగింది. చదవబోతే అక్షరాలు కూడబలుక్కోవాలి. అయినా అక్కయ్య గొంతులో వినకుండా ముందే తెలుసుకోవడం ఆయనకు దొంగతనంలా అనిపించేది.

"మొన్న మన పుస్తకాలు వినే గడియారాల పెద్దాయన ఫోను చేశాడుగా. నేనే తీశాను" అంది అక్కయ్య. "ఫోనులో నేనని పోల్చుకోలేదు పాపం. 'ఆ అమ్మాయి కుర్చీ వెనక్కి జరుపుకుందేమిటోయ్, దూరంగా వినపడుతోంది' అన్నాడు. నేను జరుపుకోలేదు. ఊపిరే జరిగిపోయింది. ఆయనకు కళ్లు లేవు గానీ చెవులున్నాయి. నీకూ ఉన్నాయి. నువ్వు చెప్పలేదు, అంతే."

మీటరు తల వంచుకున్నాడు. నిజమే, ఆయనకూ వినపడింది. పాత కంప్యూటరు వరదలో పోయింది. దానిలోని రికార్డింగు సాఫ్టువేరు ఇప్పుడెక్కడా దొరకదు. కొత్త కంప్యూటరు అమ్మిన కొట్టువాడు వేరేది ఎక్కించి ఇచ్చాడు. గొంతును సాపు చేసే ప్లగిన్ మాత్రం పాతదే. మాట పెద్దదైన చోట అణిచి, సన్నబడిన చోట చేరదీసే పనిముట్టు అది. అక్కయ్య దానికి ఇస్త్రీపెట్టె అని పేరు పెట్టింది. అదే ఇస్త్రీపెట్టె, అవే అంకెలు. అయినా గొంతు పలచబడింది, వాక్యాల చివర్లు జారిపోతున్నాయి. పనిముట్టు మారనప్పుడు మారింది మనిషే అనుకున్నాడు మీటరు. ఆమె నొచ్చుకుంటుందని చెప్పకుండా, గొంతు తేటగా వినపడేలా అక్కడా ఇక్కడా కాస్త మెరుపు కలిపి సర్దుకొస్తున్నాడు.

"తపాలా ఆఫీసులో ఆ అమ్మాయి బాగా చదువుతుంది. ఆమెతో చదివించు. ఒక్క అధ్యాయమేగా."

ఏడాది పాటు ఒకరి గొంతుతో నడిచిన ఇంట్లోకి చివర్లో మరొకరు వచ్చి తలుపేసి పోవడం. మీటరుకు అది మింగుడుపడలేదు. దాన్ని మాటల్లో పెట్టడం ఆయన వల్ల కాదు.

"మధ్యాహ్నం దాకా ఉండండి అక్కయ్యా" అన్నాడు.

"ఏం, మధ్యాహ్నానికి గొంతు మొలుస్తుందా?"

అంది గానీ లేవలేదు. పుస్తకాల అరల పక్కన ఎండ పడే కుర్చీలోకి వెళ్లి కూర్చుని, కాసేపటికి కునుకు తీసింది.

మీటరు కంప్యూటరు ముందు కూర్చున్నాడు. నిన్నటి ముక్క పెట్టి విన్నాడు. ఇస్త్రీపెట్టె అంకెలు మళ్లీ ఒకటొకటిగా సరిచూశాడు. ఏమీ తేలలేదు. దగ్గరికి లాగితే గొంతు బొంగురుపోతోంది, వదిలేస్తే గోడ అవతలికి పోతోంది.

భార్య భోజనం డబ్బా పట్టుకుని వచ్చింది. మొగుడి మొహం చూసింది, కునుకుతున్న అక్కయ్యను చూసింది, సంగతి కొంత తనే ఊహించింది. మిగతాది అడిగి రాబట్టింది. ఆయన దగ్గర మాట రాబట్టడం ఆమెకు సూదిలో దారం ఎక్కించినంత అలవాటు.

"అయితే పాతదాన్ని ఇందులో వేసి చూశారా?" అంది.

"ఏ పాతది?"

"ఏ పాతదేమిటి! కొంపలోకి నీళ్లు వస్తుంటే నా కుట్టుమిషను వదిలేసి, చంటిపిల్లాణ్ణి ఎత్తుకున్నట్టు ఒక పెట్టె నెత్తిన పెట్టుకొచ్చారే, అది. అందులో ఆవిడ పాత గొంతు ఉందన్నారుగా. ఆ గొంతునే ఈ కొత్త దాంట్లోంచి పోనివ్వండి. అప్పుడూ ఇలాగే ఉంటే మందు వేయాల్సింది ఆవిడకు కాదు, దీనికి."

మీటరు అప్పుడే కుర్చీలోంచి లేచాడు. ఆమె డబ్బా మూత తీసి, "ముందు తినండి" అంది. ఆయన తినలేదు. కింది అరలోంచి ఆ పెట్టె లాగి అందులోని డిస్కు తీశాడు.

అక్కయ్యకొక అలవాటు ఉంది. ఏ రోజు చదవబోయినా మైకు ముందు కూర్చోగానే ఒకటే మాట అంటుంది: "వినపడుతున్నానా తమ్ముడూ, ఇంకాస్త దగ్గరికి రానా?" మీటరు అద్దంలోంచి చెయ్యి ఎత్తుతాడు, చాలు అన్నట్టు. ఆ మాటతో ముల్లు సరిచూసుకుని, తర్వాత ఆ ముక్క కోసేసి పుస్తకం మటుకు శ్రోతలకు పంపుతాడు. కోసిన ముక్కలను పారేయడానికి మాత్రం ఏనాడూ చెయ్యి రాలేదు. మైకులోంచి వచ్చిన పచ్చిదీ, ఇస్త్రీ అయినదీ, రెండూ ఆ డిస్కులో రోజువారీగా ఉన్నాయి.

వరదకు ముందటి పచ్చి ముక్క ఒకటి తీసి కొత్త సాఫ్టువేరులో పెట్టాడు. అదే ఇస్త్రీపెట్టె తగిలించాడు. మీట నొక్కాడు.

వినపడుతున్నానా తమ్ముడూ.

దూరంగా. గోడ అవతల నుంచి. ఆమె గుండె బాగున్న రోజుల్లో, మెట్లు ఒక్క ఊపున ఎక్కి వచ్చి పలికిన మాట, అచ్చం నిన్నటిలాగే పలచగా వచ్చింది.

మీటరుకు ప్రాణం లేచొచ్చింది. భార్య చెయ్యి పట్టుకున్నాడు. ఆమె సిగ్గుపడి, "చాల్లెండి, పెద్దావిడ లేస్తుంది" అని చెయ్యి లాక్కుంది.

సంగతి ఎక్కడుందో తెలుసుకోవడానికి కొట్టువాడికి ఫోను చేశాడు. అతను ఓపికగా విన్నాడు.

"గొంతును రెండు స్పీకర్లకూ నట్టనడుమ పెడతారు కదండీ? ఇది నడుమ పెట్టినదాన్ని తనంతట తనే కాస్త తగ్గిస్తుంది. రెండు పక్కల నుంచీ వచ్చి కలిసినప్పుడు మరీ మీద పడకుండా. మీ పాతది తగ్గించేది కాదు. ఇందులో తప్పేం లేదండీ, దాని అలవాటు దానిది, దీని అలవాటు దీనిది. ఇంతకీ ప్లగిన్ ఎక్కడ పెట్టారు?"

"చివర. అన్నీ కలిసే చోట."

"అదీ సంగతి. తగ్గిన గొంతు దాని దగ్గరికి వస్తోంది. దానికి ఆనడం లేదు."

సభల రోజుల నుంచీ మీటరు అలవాటు అది. ఏ పెట్టె అయినా చివర, ఆంప్లిఫయరుకు ముందు తగిలించడం. ఇస్త్రీపెట్టె మంచిదే, వేడిగానే ఉంది. గుడ్డే దానికి అందకుండా కిందికి జారింది. "మీ మేలు మర్చిపోను బాబూ" అన్నాడు ఫోనులో. అంత పొడుగు వాక్యం ఆయన నోట విని భార్య ఇటు తిరిగి చూసింది.

ఇస్త్రీపెట్టె దాకా రాకముందే గొంతును తగ్గినంత మేరా పెంచాడు. మళ్లీ పెట్టాడు. అక్కయ్య గదిలోకి వచ్చేసింది. పక్కన కూర్చుంది.

అయినా ఆయన చెవిని ఆయన నమ్మలేదు. ఆశపడ్డ చెవి ఏదైనా వింటుంది. టేపుల రోజుల్లో నేర్చుకున్న పరీక్ష ఒకటి ఉంది. ఒకే మాట రెండు చోట్ల ఉందనుకుంటే, ఒకదాన్ని తలకిందులు చేసి రెండోదానితో కలపాలి. రెండూ ఒకటే అయితే ఒకదాన్నొకటి మింగేసి ఏమీ మిగలదు. తేడా ఉంటే ఆ తేడా ఒక్కటే వినపడుతుంది. పాత సాఫ్టువేరులో ఇస్త్రీ అయిన ముక్కను ఒక వరసలో, ఇప్పటిదాన్ని తలకిందులు చేసి పక్క వరసలో పేర్చాడు. అంచులు కలిపాడు. మీట నొక్కి ముల్లును చూస్తూ కూర్చున్నాడు.

ముల్లు కదల్లేదు. స్పీకర్లలో ఏమీ లేదు. పచ్చి నిశ్శబ్దం. ఆయన జీవితంలో ఎన్నో గొంతులు విన్నాడు గానీ, ఇంత చల్లటి కబురు ఏ గొంతూ చెప్పలేదు.

అక్కయ్యను లేపాడు. స్టూలు మీద కూర్చోబెట్టి, నిన్న ఆమె చదివిన ముక్కను ఇప్పుడు సరైన దారిలో వినిపించాడు. ఆమె కళ్లు మూసుకుని వింది.

"ఇది ఎప్పటిది?"

"నిన్నటిది."

"నన్ను సముదాయించకు."

"నిన్నటిదే అక్కయ్యా. గొంతు మీదే. దారే మారింది."

ఆమె ఆ ముక్కను ఇంకోసారి పెట్టించుకుని వింది. తర్వాత చీర చెంగుతో కళ్లద్దాలు తుడుచుకుంది. "అయితే ఇన్నాళ్లూ ఈ డబ్బా చేసిన నేరం నేను మోశానన్నమాట" అని నవ్వింది. నవ్వుతూనే మీటరు భార్య వైపు తిరిగి, "మరదలా, నీ కుట్టుమిషను మునిగింది నా పుణ్యానే కదూ" అంది.

"తుప్పు వదిలించి బాగుచేశాలెండి. ఇప్పుడు మునుపటికంటే నయంగా కుడుతోంది. మీరు వెళ్లి చదవండి, ఆ పిల్ల ఇంటికొస్తుందో లేదో తెలియక ఈయనకు రాత్రుళ్లు కూడా అదే ధ్యాస."

అక్కయ్య మైకు ముందు కూర్చుంది. నీళ్లు ఒక గుక్క తాగింది. చదివేసిన పేజీలన్నీ చేర్చి చెక్క క్లిప్పు బిగించింది. తలెత్తి అద్దంలోంచి చూసింది.

"వినపడుతున్నానా తమ్ముడూ, ఇంకాస్త దగ్గరికి రానా?"

మీటరు చెయ్యి ఎత్తాడు.

సాయంత్రం దాకా చదివింది. ఆయాసం వచ్చిన చోట ఆగింది, ఆయన ఆపాడు, మళ్లీ మొదలుపెట్టారు. దీపస్తంభం కాపలాదారు కూతురు వచ్చింది. తండ్రి లేడు. దీపం వెలిగించి కూర్చుంది. పుస్తకం అయిపోయింది. అద్దం ఇవతల మీటరు, ఆయన వెనక భార్య, ఇద్దరూ ముక్కులు ఎగబీలుస్తూ ఉన్నారు.

అక్కయ్యను మెట్లు దింపడానికి వెళ్లాడు. సగంలో ఆగారు, ఆమె ఊపిరి తీసుకోవడానికి. అప్పుడన్నాడు:

"అక్కయ్యా. నాకు చదువు లేదు. సముద్రం చూడలేదు. నాకు తెలిసిందంతా ఆ అద్దం అవతల నుంచి వచ్చిందే. మీరు చదివారు గనక."

అక్కయ్య ఆయన్ని ఎగాదిగా చూసింది. "ఇన్ని మాటలు ఒక్క పూటలో వాడేశావు, రేపటికేం మిగుల్చుకున్నావురా?" అంది. భుజం మీద చెయ్యి వేసి మిగతా మెట్లు దిగింది. వీధి మలుపులో తిరిగి చూసి, ఈసారి తనే చెయ్యి ఎత్తింది.

తెల్లవారాక ఆమె మేనకోడలు ఫోను చేసింది. అత్తయ్య నిద్రలోనే పోయిందని చెప్పింది. రాత్రి అన్నం బాగా తిందట, పుస్తకం పూర్తయిందని ఇంట్లో అందరికీ కథ చెప్పిందట.

మీటరు వెళ్లి చూసి వచ్చాడు. భార్య ఇంటికి రమ్మంది. ఆయన గ్రంథాలయం తాళం తీసి వెనక గదిలోకి వెళ్లాడు. బొంతలు తట్టి సర్దాడు. నిన్నటి అధ్యాయం పెట్టి, మొదటి నుంచీ వింటూ దగ్గుల దగ్గర, ఆగిన చోట్ల శుభ్రం చేశాడు. రోజూ కోసేసే ఆ మొదటి మాట దగ్గరికి వచ్చి ఆగాడు. ఈసారి కోయలేదు. అలాగే ఉంచి, గడియారాల పెద్దాయనతో మొదలుపెట్టి అందరికీ పంపాడు. పంపాక ఇంకొక్కసారి పెట్టుకున్నాడు. ఆమె అడిగింది. ఖాళీ కుర్చీ వైపు చూస్తూ ఆయన చెయ్యి ఎత్తాడు.

అద్దం అవతల బల్ల మీద, వరదకు నల్లబడిన ఆ చెక్క క్లిప్పు రేవు పట్నం పేజీలన్నిటినీ ఒక్క పట్టున పట్టుకుని ఉంది.